అటక మీది పాత సీపీయూలోంచి 12 వోల్టుల పవర్ సప్లై, దాని పెట్టె విప్పకుండానే

"అన్నా, ఇంట్లో పాత సీపీయూ ఒకటి పడుంది, దాంతో ఏమైనా చెయ్యొచ్చా" అని నెలకి నాలుగైదు సార్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి మొత్తం ఒక్కచోట రాసేస్తున్నా. చెయ్యొచ్చు. కానీ మీరనుకునే ర్యాము, ప్రాసెసర్, మదర్‌బోర్డు వీటితో పెద్దగా ఒరిగేదేం లేదు. ఆ డబ్బాలో అసలు సరుకు వెనకాల ఫ్యానున్న ఇనప పెట్టె, ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటుని 12, 5 వోల్టుల డీసీగా మార్చేది. దాన్ని వర్క్‌బెంచ్ పవర్ సప్లైగా మార్చుకుంటే కార్ స్టీరియో, ఎల్ఈడీ స్ట్రిప్, ఆర్డునో లాంటి చిన్న ఎలక్ట్రానిక్స్ బోర్డులు, చిన్న డీసీ మోటార్లు, 12 వోల్టుల పంపు అన్నీ దానిమీదే నడుస్తాయి.

ఇలాంటివి చెప్పేవాళ్ళు చాలామంది మొదటి స్టెప్‌లోనే స్క్రూలు విప్పి, ఆ పెట్టెకే కన్నాలు పెట్టమంటారు. నేను విప్పొద్దంటా. లోపల రెండు పెద్ద కెపాసిటర్లుంటాయి, మన 230 వోల్టుల కరెంటు డీసీ అయ్యేసరికి వాటి మీద దాదాపు 325 వోల్టులు నిలబడి ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కొంతసేపు ఉంటుంది, దాన్ని దింపాల్సిన రెసిస్టర్ కాలిపోయి ఉంటే చాలాసేపు ఉంటుంది. మనక్కావాల్సిన వైర్లన్నీ ఎలాగూ బయటే వేలాడుతున్నప్పుడు లోపల చెయ్యి పెట్టడం ఎందుకు. అందుకని నా పద్ధతిలో ఎస్ఎంపీఎస్ అలాగే ఉంటుంది, వైర్లు మాత్రం తెచ్చి ఒక స్విచ్ బోర్డు పెట్టెలో దింపుతాం.

ఇంకో మాట. ఇది బ్యాటరీ చార్జర్ కాదు. బైక్ బ్యాటరీకో ఇన్వర్టర్ బ్యాటరీకో పెడదామని ఈ పని మొదలెడుతుంటే ఇక్కడే ఆగిపోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే 13.8 వోల్టులు దాటాలి, ఇది 12 దగ్గరే ఆగుతుంది, పైగా కరెంటు పోయినప్పుడు బ్యాటరీయే తిరిగి ఎస్ఎంపీఎస్‌లోకి తోస్తుంది.

కావాల్సినవి

- పాత ఎస్ఎంపీఎస్, దాని పవర్ కార్డు
- మల్టీమీటర్. చౌకది చాలు, కానీ లేకుండా మాత్రం మొదలెట్టకండి
- బైక్ హెడ్‌లైట్ బల్బు, 12 వోల్టులు 35 వాట్స్‌ది, దాంతోపాటు బ్రేక్ లైట్ బల్బు 21 వాట్స్‌ది ఒకటి. మెకానిక్ షెడ్డులో అడిగితే ఒక ఫిలమెంట్ పోయి ఇంకోటి బతికున్నవి ఊరికే ఇస్తారు
- 100 వాట్స్ గుండు బల్బు (ఫిలమెంట్ ఉండే పాత రకం), హోల్డరు (సిరీస్ టెస్ట్‌కి)
- పీవీసీ స్విచ్ బోర్డు పెట్టె, పైన హైలమ్ షీట్
- బైండింగ్ పోస్టులు (బయటి వైర్లు బిగించే రంగురంగుల స్క్రూ టెర్మినళ్ళు): నలుపు 2, ఎరుపు 1, పసుపు 1, ఇంకో రంగు 1
- మామూలు టోగుల్ స్విచ్ ఒకటి
- కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజులు 10 ఆంప్స్, 5 ఆంప్స్, 3 ఆంప్స్, వాటి హోల్డర్లు (ఆటో స్పేర్స్ షాపులో దొరుకుతాయి)
- 4.7 ఓమ్స్ 10 వాట్స్ సిమెంట్ రెసిస్టర్ ఒకటి, 330 ఓమ్స్ చిన్నవి రెండు
- ఎల్ఈడీలు రెండు. కొనక్కర్లేదు, క్యాబినెట్ ముందు వెలిగేవి వైర్లతో సహా పీక్కోండి
- సోల్డరింగ్ ఐరన్, లెడ్డు, ఫ్లక్స్, హీట్ ష్రింక్ స్లీవ్

హైదరాబాద్‌లో ఉంటే ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి, పాత ఎస్ఎంపీఎస్ లేకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ చుట్టుపక్కల అడగండి. చెన్నైలో ఉన్నవాళ్ళకి రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. ఊళ్ళో ఉన్నవాళ్ళు పాత సామాను కొట్టులో చూడండి, నా దగ్గరున్న మంచి ఎస్ఎంపీఎస్ 150 రూపాయలకి అలాంటి కొట్టులోనే దొరికింది, తూకానికి ఇచ్చాడు.

1. ముందు ఎస్ఎంపీఎస్‌ని చూడండి

స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో 450 వాట్స్ అని ఉంటే దాన్ని వదిలెయ్యండి, కింద చిన్నక్షరాల్లో ఉన్న పట్టీ చదవండి. +12 వోల్టుల కింద ఎన్ని ఆంప్స్ రాశాడో అదే మీకు కావాల్సింది. చేత్తో ఎత్తి చూడండి, పేరుకి 450 వాట్స్ ఉండి ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంటే లోపల ఏమీ లేదనే అర్థం. ఊపితే లోపల ఏదైనా గలగలమంటే వద్దు. కాలిన వాసనొస్తే వద్దు. గాలి వెళ్ళే కన్నాల్లోంచి టార్చ్ వేసి చూడండి, కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి, పూరీలా ఉబ్బి ఉంటే దాన్ని పక్కన పెట్టెయ్యండి.

వెనకాల చిన్న ఎర్ర స్విచ్ మీద 115, 230 అని ఉంటుంది కొన్నింటికి. మనకెప్పుడూ 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి మన కరెంటిస్తే టపాకాయ పేలినట్టు పేలుతుంది, ఇంకంతే. పిల్లలు గోరుతో జరిపేస్తారు కాబట్టి నేనైతే దానిమీద టేప్ వేసేస్తా.

తర్వాత మదర్‌బోర్డుకెళ్ళే పెద్ద కనెక్టర్ చూడండి, 20 లేదా 24 పిన్నులుండాలి. కొన్ని కంపెనీ డెస్క్‌టాప్‌లలో వైర్ల రంగులు, వరస వేరుగా ఉంటాయి, కొత్తవాటిలో కొన్నింటికి అసలు 12 వోల్టులు తప్ప ఇంకేం రాదు. కింద చెప్పిన రంగులకీ మీ దాని రంగులకీ పొంతన లేకపోతే ఊహించి కలపకండి.

2. దుమ్ము, ఫ్యాను

బ్లోయర్‌తో బయటినుంచే కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా అగ్గిపుల్ల అడ్డం పెట్టండి, లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. నీళ్ళు, తడిబట్ట వద్దు. ఇంట్లో కాదు డాబా మీద చెయ్యండి, లేకపోతే ఇంట్లోవాళ్ళతో తిట్లు తప్పవు.

3. ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ ఉందా లేదా

ఇది ఎవరూ చూడరు. ఎస్ఎంపీఎస్ బాడీ, నల్ల వైర్లు, ఎర్త్ పిన్ను మూడూ లోపల ఒక్కటే. మీ పాయింట్‌లో ఎర్త్ లేకపోతే, లోపలుండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీద సగం కరెంటు తేలుతుంది, ముట్టుకుంటే జివ్వుమని తిమ్మిరెక్కుతుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. "ఎస్ఎంపీఎస్ షాక్ కొడుతోంది" అని అడిగేవాళ్ళలో చాలామందికి పోయింది ఎస్ఎంపీఎస్ కాదు, గోడలో ఎర్త్ లేదంతే.

మల్టీమీటర్ ఏసీ 750 రేంజ్‌లో పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి, 230 దగ్గర్లో రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజ్ నుంచి ఎర్త్‌కి ఎనభయ్యో వందో చూపిస్తే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో దూర్చడం లాంటి తెలివితేటలు వద్దు.

4. మొదటిసారి కరెంటు, సిరీస్ బల్బుతో

టీవీ రిపేర్ షాపుల్లో చూసే ఉంటారు, ఫేజ్ వైరు మధ్యలో ఒక బల్బు హోల్డరు పెట్టిన బోర్డు. ఎక్కడెక్కడో తిరిగొచ్చిన ఎస్ఎంపీఎస్‌ని మొదటిసారి దానిమీదే ఆన్ చెయ్యండి. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే లోపల కెపాసిటర్లు నిండాయి, బాగానే ఉంది. వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్, ఆపేసి పక్కన పెట్టండి. షార్ట్ ఉన్నా బల్బు వెలుగుతుందే తప్ప ఇంట్లో ఎంసీబీ పడదు.

ఇక్కడ గుండు బల్బే కావాలి. ఎల్ఈడీ బల్బు పెట్టి "ఏం తెలియట్లేదు" అన్నవాళ్ళు నాకు ముగ్గురు దొరికారు. సిరీస్ బోర్డు ఎప్పుడూ కట్టనివాళ్ళు తెలిసినవాళ్ళతో కట్టించుకోండి, అక్కడ ఓపెన్ ఫేజ్ ఉంటుంది, ఆటలొద్దు.

ఇప్పుడు పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది, దాన్ని పక్కనున్న ఏ నల్లదానితోనైనా చిన్న వైరు ముక్కతో కలపండి. ఫ్యాను తిరగాలి. తిరగకపోతే కంగారు పడకండి, కొన్నింటికి కొంచెం లోడ్ (కరెంటు లాగే వస్తువు) లేకపోతే లేవవు, పాత సీడీ డ్రైవో చచ్చిపోయిన హార్డ్ డిస్కో ఉంటే తగిలించి మళ్ళీ చూడండి. అప్పటికీ లేవకపోతే ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు వస్తోందా చూడండి. అది కూడా లేకపోతే ఎస్ఎంపీఎస్ పోయినట్టే.

సిరీస్ బల్బు పని ఇక్కడికి అయిపోయింది. దానిమీదే ఉంచి లోడ్ పెడితే వోల్టేజ్ పడిపోయి లేనిపోని అనుమానాలొస్తాయి, ఇకమీదటంతా నేరుగా పాయింట్‌లోనే.

5. లోడ్ లేకుండా రీడింగులు

మీటర్ డీసీ 20 రేంజ్‌లో, నల్ల ప్రోబ్ నల్ల వైరుకి. ఏ రంగు ఎంత ఉండాలో ఇదీ:

- పసుపు: +12, అంటే 11.4 నుంచి 12.6 మధ్య
- ఎరుపు: +5, 4.75 నుంచి 5.25 మధ్య
- ఆరెంజ్: +3.3, 3.14 నుంచి 3.47 మధ్య
- నీలం: -12, దీనికి పది శాతం అటూ ఇటూ అయినా పర్లేదు
- ఊదా: +5 స్టాండ్‌బై, ఇది ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ ఉంటుంది
- గ్రే: అంతా బాగుందని మదర్‌బోర్డుకి చెప్పే సిగ్నల్, 5 దగ్గర్లో చూపిస్తుంది
- తెలుపు: పాతవాటిలో -5, కొత్తవాటిలో ఉండదు

కాగితం మీద రాసుకోండి. రాసుకున్నాక నమ్మకండి.

6. బల్బు పెట్టి మళ్ళీ రీడింగులు

ఈ స్టెప్ కోసమే ఇదంతా రాస్తున్నా నిజానికి. నా మొదటి ఎస్ఎంపీఎస్ పసుపు మీద 12.3 చూపించింది, అబ్బ బ్రహ్మాండం అనుకుని పాత కార్ స్టీరియో తగిలించా. సౌండ్ తక్కువలో బానే పాడింది, కొంచెం పెంచి బేస్ పడేసరికి డిస్‌ప్లే ఆరిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. స్టీరియో పోయిందనుకుని మెకానిక్ దగ్గరికి కూడా తీసుకెళ్ళా, వాడు కార్ బ్యాటరీకి పెట్టి చూపించాడు, అద్భుతంగా పాడుతోంది. ఇంటికొచ్చి పాడుతున్నప్పుడు మీటర్ పెడితే బేస్ పడ్డ ప్రతిసారీ 10.6కి దిగుతోంది. లోడ్ లేకుండా ఎంత చెత్త ఎస్ఎంపీఎస్ అయినా 12 చూపిస్తుంది.

కాబట్టి మోలెక్స్ కనెక్టర్, అదే పాత హార్డ్ డిస్కుకి పెట్టే నాలుగు పిన్నులది, అందులో పసుపుకీ నలుపుకీ మధ్య ముందు 21 వాట్స్ బ్రేక్ బల్బు పెట్టండి, సుమారు 1.75 ఆంప్స్ లాగుతుంది. రీడింగ్ చూడండి. తర్వాత 35 వాట్స్ హెడ్‌లైట్ బల్బు, దాదాపు 3 ఆంప్స్. కార్ హాలోజన్ 55 వాట్స్‌ది ఉంటే అదీ పెట్టండి, 4.6 ఆంప్స్. ఒక్కోదాన్ని పది నిమిషాలుంచండి. బల్బు బాగా వేడెక్కుతుంది, గాజు ముట్టుకోకండి, కింద పెంకో ఇటుకో పెట్టండి, ప్లాస్టిక్ టేబుల్ మీద వద్దు.

చూడాల్సినవి: పసుపు 11.4 కన్నా దిగకూడదు. పది నిమిషాలయ్యాక వచ్చే గాలి వెచ్చగా ఉండొచ్చు, వాసన మాత్రం రాకూడదు. కీచుమని శబ్దం వస్తే అనుమానించండి.

పెద్ద బల్బు పెట్టగానే ఎస్ఎంపీఎస్ టక్కున ఆగిపోయిందా? వెంటనే తీర్పిచ్చెయ్యకండి. చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో మామూలుకన్నా పది రెట్ల దాకా లాగుతుంది, దాన్ని షార్ట్ అనుకుని ఆగిపోతుంది. ప్లగ్ తీసి ఓ నిమిషం ఆగి, ఈసారి చిన్న బల్బు ముందు వెలిగించి ఆ తర్వాత పెద్దది కలపండి. ఆకుపచ్చ వైరు తీసి పెట్టినా కొన్ని రీసెట్ అవుతాయి, కొన్నింటికి ప్లగ్ పీకాల్సిందే.

ఇప్పుడు ఇంకో తమాషా చూడండి. బల్బు వెలుగుతుండగా ఎరుపు మీద రీడింగ్ చూస్తే 5 కన్నా కొంచెం పెరిగి ఉంటుంది, పసుపేమో తగ్గి ఉంటుంది. పాత ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు 12నీ 5నీ విడివిడిగా చూసుకోవు, రెండూ కలిపి ఒకటే కంట్రోల్. మనం 12 ఒక్కటే లాగి 5ని ఖాళీగా వదిలేస్తే తక్కెడ ఒకవైపే ఒరుగుతుంది. ఎరుపుకీ నలుపుకీ మధ్య 4.7 ఓమ్స్ సిమెంట్ రెసిస్టర్ పెట్టండి, ఒక ఆంప్ చిల్లర లాగుతుంది, వెంటనే పసుపు పైకి లేస్తుంది. నా స్టీరియో రోగం కుదిరింది దీంతోనే, 10.6 కాస్తా 11.5 అయింది.

ఆ రెసిస్టర్‌లో 5 వాట్స్ పైనే వేడి పుడుతుంది, 10 వాట్స్‌ది కాబట్టి కాలిపోదు కానీ వేలు మాత్రం చురుక్కుమంటుంది. పాత ప్రాసెసర్ మీదున్న అల్యూమినియం హీట్‌సింక్ ఉంది కదా, దానికి ఆనించి ఇనప తీగతో బిగించెయ్యండి. ఆ హీట్‌సింక్ ఫ్యాను కూడా 12 వోల్టులదే, కావాలంటే అదీ తిప్పుకోండి.

బల్బు టెస్ట్‌లో, రెసిస్టర్ పెట్టాక కూడా 11.4 నిలబడకపోతే ఆ ఎస్ఎంపీఎస్ మీద పెట్టె కట్టి టైమ్ వేస్ట్ చేసుకోకండి, ఇంకోటి వెతకండి.

7. వైర్లు వేరుచెయ్యడం

ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగండి. రంగుల ప్రకారం కట్టలు కట్టండి, ఆ తర్వాతే కట్టర్ తీయండి. కనెక్టర్లు అన్నీ కోసెయ్యకండి, ఒక మోలెక్స్ తీగ అలాగే ఉంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పెద్ద కనెక్టర్‌లో ఒక పిన్నులోకి ఆరెంజ్‌తోపాటు సన్నటి బ్రౌన్ వైరు కూడా వెళ్తుంది. 3.3 సరిగ్గా చేరిందా అని ఎస్ఎంపీఎస్ కొలుచుకునే వైరు అది. దాన్ని కోసి గాల్లో వదిలేస్తే మొత్తం ఆన్ అవ్వదు, లేదా ఆన్ అయిన అరక్షణంలో ఆగిపోతుంది. బ్రౌన్‌ని ఆరెంజ్ వైర్లతో కలిపి సోల్డర్ చెయ్యండి. కొన్నింటికి ఎరుపు, పసుపుల్లో కూడా ఇలా ఒకే పిన్నులో సన్నది ఒకటి ఉంటుంది, దాన్ని కూడా దాని రంగుతోనే కలపాలి. కొయ్యక ముందు కనెక్టర్‌ని ఫోన్‌తో రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి.

వాడని వైర్లని ఒక్కోదానికి వేరుగా స్లీవ్ వెయ్యండి. ముఖ్యంగా ఊదా, అది స్విచ్ ఆపినా బతికే ఉంటుంది.

8. పెట్టె కట్టడం

హైలమ్ షీట్ మీద పోస్టులకీ స్విచ్‌కీ ఎల్ఈడీలకీ మార్క్ చేసి, కన్నాలు వేసి, ఫైల్‌తో నున్నగా చేసి, అంతా తుడిచాకే వైర్ల దగ్గరికి రండి. ఎస్ఎంపీఎస్ పక్కన పెట్టుకుని డ్రిల్ చెయ్యొద్దు, రజను లోపల పడితే ఎప్పుడో ఒకరోజు షార్ట్ చేస్తుంది.

ఏది ఎక్కడికి:

- మూడు పసుపు వైర్లు కలిపి 10 ఆంప్స్ ఫ్యూజ్ ద్వారా పసుపు పోస్టుకి
- మూడు ఎరుపు వైర్లు కలిపి 5 ఆంప్స్ ఫ్యూజ్ ద్వారా ఎర్ర పోస్టుకి
- ఆరెంజ్ (బ్రౌన్‌తో సహా) 3 ఆంప్స్ ఫ్యూజ్ ద్వారా మూడో పోస్టుకి. అక్కర్లేకపోతే రెండూ కలిపి స్లీవ్ వేసి లోపలే ఉంచండి
- ఆరు నల్లవి కలిపి రెండు నల్ల పోస్టులకి
- ఆకుపచ్చ, ఇంకో నల్లది టోగుల్ స్విచ్‌కి
- 4.7 ఓమ్స్ రెసిస్టర్ ఎరుపుకీ నలుపుకీ మధ్య, ఫ్యూజ్‌కి ముందు వైపు
- ఊదా నుంచి 330 ఓమ్స్ ద్వారా ఎర్ర ఎల్ఈడీ, ప్లగ్ ఉందని తెలియడానికి
- ఎరుపు నుంచి 330 ఓమ్స్ ద్వారా ఆకుపచ్చ ఎల్ఈడీ, ఆన్ అయిందని తెలియడానికి

ఆన్ ఎల్ఈడీని గ్రే వైరు మీద పెట్టమని చాలామంది చెప్తారు, అది సిగ్నల్ వైరు, ఎల్ఈడీ మోసేంత సత్తువ దానికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. నేను ఎరుపు మీదే పెడతా.

ఫ్యూజ్ ఎందుకంటారా? ఎస్ఎంపీఎస్‌లో షార్ట్ ప్రొటెక్షన్ ఉంటుంది నిజమే, కానీ అది 12 వోల్టుల మీద పదిహేను, ఇరవై ఆంప్స్ దాటాక లేస్తుంది, మీరు పోస్టుకి తగిలించిన జుట్టంత వైరు ఆ లోపే ఎర్రగా కాలి టేబుల్ అంటుకుంటుంది.

స్విచ్ గురించి కూడా చెప్పాలి, అందరూ ఇదే అడుగుతున్నారు: "క్యాబినెట్ మీది పవర్ బటనే పెట్టా, నొక్కితే ఆన్ అవుతోంది వదిలితే ఆగిపోతోంది ఏంటి". ఆ బటన్ నొక్కినంతసేపే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది, కంప్యూటర్‌లో అయితే మదర్‌బోర్డు గుర్తుపెట్టుకుంటుంది, ఇక్కడ ఎవరూ లేరు గుర్తుపెట్టుకోడానికి. నొక్కితే నిలబడే స్విచ్ కావాలి. దానిలోంచి వెళ్ళే కరెంటు చాలా తక్కువ, కాబట్టి ఎంత చిన్న స్విచ్ అయినా సరిపోతుంది.

సోల్డరింగ్‌లో ఒకటే జాగ్రత్త, మూడు వైర్లు కలిపిన కట్ట 25 వాట్స్ ఐరన్‌కి ఒక పట్టాన వేడెక్కదు, పైన లెడ్డు ముద్దలా కూర్చుని లోపల వైర్లు పొడిగానే ఉంటాయి. ముందు ఒక్కో వైరుకి లెడ్డు పట్టించి అప్పుడు కలపండి, లేదా కార్ వైరింగ్‌లో వాడే రింగ్ లగ్గులు క్రింప్ చేసి పోస్టు వెనక నట్టుతో బిగించండి, నాకైతే రెండోదే బాగుంటుంది. స్లీవ్ ముక్క వైరుకి ముందే ఎక్కించుకోండి. సోల్డరంతా అయ్యాక స్లీవ్ మర్చిపోయానని తల పట్టుకోని మనిషిని నేనింతవరకు చూడలేదు, నాతో సహా.

9. ఆన్ చేసేముందు, చేశాక

ప్లగ్ పెట్టకముందు మీటర్ కంటిన్యుటీలో పెట్టి పసుపు, ఎరుపు పోస్టుల్ని ఒకదానితో ఒకటి, నలుపుతో చూడండి. ఎరుపుకీ నలుపుకీ మధ్య బీప్ వస్తే భయపడకండి, అక్కడ 4.7 ఓమ్స్ రెసిస్టర్ ఉంది కదా, మీటర్ దాన్నే షార్ట్ అనుకుంటుంది. 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి చూస్తే 5 దగ్గర్లో చూపించాలి, సున్నా చూపిస్తేనే షార్ట్. ప్రతి వైరునీ చిన్నగా లాగి చూడండి, ఊడేది ఏదైనా ఇప్పుడే ఊడాలి.

ప్లగ్ పెట్టగానే ఎర్ర ఎల్ఈడీ, స్విచ్ వేస్తే ఆకుపచ్చది. ఎల్ఈడీ వెలగకపోతే కాళ్ళు తిరగేసి పెట్టుంటారు. తర్వాత పోస్టుల దగ్గర ఆరో స్టెప్ మొత్తం మళ్ళీ చెయ్యండి, అదే బల్బు, అదే మీటర్. ఎస్ఎంపీఎస్ దగ్గర 11.8 ఉండి పోస్టు దగ్గర 11.3 ఉంటే మధ్యలో ఎక్కడో జాయింట్ బాలేదు, చేత్తో తాకితే ఏది వేడిగా ఉందో తెలిసిపోతుంది.

పెట్టె వద్దు, కోతలొద్దు అనేవాళ్ళకి

24 పిన్నుల కనెక్టర్ నేరుగా గుచ్చుకునే ఏటీఎక్స్ బ్రేకౌట్ బోర్డులని ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పోస్టులూ ఫ్యూజులూ స్విచ్చూ అన్నీ దానిమీదే ఉంటాయి. ఒక్క వైరు కొయ్యక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లలుండి మొదటిసారి చేస్తుంటే నేను అదే తీసుకోమంటా. ఐదో స్టెప్, ఆరో స్టెప్ మాత్రం దానికీ తప్పవు.

వోల్టేజ్ పెంచుకునీ తగ్గించుకునీ వాడాలంటే ఎక్స్ఎల్4015 అనే మాడ్యూల్ ఒకటి తెచ్చి 12 పోస్టుకి పెట్టండి, 1.25 నుంచి సుమారు పదిన్నర దాకా వస్తుంది, ఇచ్చిన 12 కన్నా ఎక్కువ రాదు. 5 ఆంప్స్ అని అమ్ముతారు, మూడు దాటితే బాగా కాలుతుంది. దానిమీది స్క్రూ పది, ఇరవై చుట్లు తిరుగుతుంది, మొదటి ఐదారు చుట్లకి మీటర్‌లో ఏమీ కదలకపోవచ్చు, పాడైపోయిందనుకుని తిరిగి పంపించకండి. ముందు వోల్టేజ్ సెట్ చేసి ఆ తర్వాతే మీ బోర్డు తగిలించండి.

పసుపుకీ నీలానికీ మధ్య 24 వోల్టులు వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ నీలం వైరు సత్తా 0.3, 0.5 ఆంప్స్ మించదు, స్టిక్కర్ మీదే ఉంటుంది చూడండి. చిన్న ఆడియో సర్క్యూట్లకి సరే, 24 వోల్టుల మోటార్ తిప్పుదామంటే కుదరదు. రెండు ఎస్ఎంపీఎస్‌లు సిరీస్‌లో కలిపి 24 చేద్దామన్న ఆలోచన కూడా వద్దు, రెండింటి నలుపూ ఎర్త్‌కే కలిసి ఉంది, కలపగానే ఒకటి షార్ట్ అవుతుంది. అదే కారణంగా నేరుగా 230 మీద నడిచే ఎల్ఈడీ బల్బు డ్రైవర్ల లాంటివాటికి నల్ల పోస్టు వైరు తగిలించకండి.

ఫోన్ చార్జింగ్ గురించి కూడా అడుగుతారు. 5 వోల్టులు ఉంది కాబట్టి అవుతుంది, కానీ 12 మీద లోడ్ పడినప్పుడు 5 పెరుగుతుందని పైన చూశాం కదా, 150 రూపాయల స్క్రాప్ మీద నమ్మకంతో నా ఫోన్ అయితే నేను పెట్టను.

ఎంతసేపు ఆన్‌లో ఉంచొచ్చంటే, నాది ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టీరియోకి నడుస్తుంది, కానీ నేను గదిలో లేనప్పుడు ప్లగ్ పీకేస్తా. ఆరు నెలలకోసారి దుమ్ము కొట్టి, బల్బు పెట్టి ఒక రీడింగ్ తీసుకుని పెట్టె అడుగున మార్కర్‌తో తేదీ వేసి రాస్తా. మొదట్లో 35 వాట్స్ బల్బు మీద 11.8 ఉండేది, మొన్న చూస్తే 11.6. అది 11.4కి వచ్చిన రోజు పెట్టె అలాగే ఉంచి వెనక ఎస్ఎంపీఎస్ మారుస్తా, ఆ కొట్టువాడి దగ్గర ఇంకోటి చూసి పెట్టా.